పక్కింటి గోడ లేస్తే వెలుతురు ఎవరిది? ఖరగ్‌పూర్ తెలుగువారికి వర్తించే చట్టం వేరు

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఇల్లు కొన్నవారి దస్తావేజు తీసి చూస్తే, హద్దులు చెప్పాక ఎక్కడో ఒకచోట ‘సకల ఈజ్మెంటు హక్కులతో సహా’ అన్న మాట కనిపిస్తుంది. రాసే లేఖరి అలవాటుగా రాస్తాడు, కొనేవారు అలవాటుగా సంతకం పెడతారు. పక్క స్థలంలో మూడంతస్తుల గోడ లేచి పడకగదిలో పట్టపగలు లైటు వేసుకోవాల్సి వచ్చినప్పుడే ఆ మాటకు అర్థం ఏమిటన్న ప్రశ్న వస్తుంది.

అదే కుటుంబంలో మరో శాఖ నాలుగు తరాల క్రితం రైలు పనికి ఖరగ్‌పూర్ వెళ్లి, నింపురాలోనో మలంచాలోనో సొంత ఇల్లు కట్టుకుందనుకుందాం. వాళ్లకూ ఇదే కష్టం వస్తే ఊళ్లోని బంధువులు చెప్పే సలహా పూర్తిగా పనికిరాదు. ఆంధ్రలో ఈ తగవులను తేల్చే 1882 నాటి ఈజ్మెంట్ల చట్టం పశ్చిమ బెంగాల్‌కు వర్తించదు. అక్కడ వెలుతురు హక్కు 1963 నాటి కాలపరిమితి చట్టంలో, అంటే లిమిటేషన్ చట్టంలో, 25వ సెక్షన్ కింద ఉంది.

రెండు చట్టాలు ఎలా వచ్చాయి

ఈజ్మెంట్ల చట్టం 1882 జులై 1న అమల్లోకి వచ్చినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీకి, సెంట్రల్ ప్రావిన్సెస్‌కు, కూర్గ్‌కు మాత్రమే వర్తించింది. అప్పట్లో శ్రీకాకుళం గంజాం జిల్లాలో, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. రెండు జిల్లాలూ మద్రాసు కిందివే. 1891లో ఈ చట్టాన్ని బొంబాయికి, నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతానికి విస్తరించారు. బెంగాల్ ఆ జాబితాలో లేదు. మేదినీపూర్ జిల్లాలో భాగమైన ఖరగ్‌పూర్ కూడా సహజంగానే బయట ఉండిపోయింది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో జంక్షన్, వర్క్‌షాపు, కాలనీ కట్టింది 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో. ఉత్తరాంధ్ర నుంచి కూలీలు, ఫిట్టర్లు, బాయిలర్ పనివాళ్లు వెళ్లి స్థిరపడ్డారు. ఈనాటికీ ఊరిని ‘మినీ ఇండియా’ అనడానికి ఒక కారణం ఆ తెలుగు జనాభాయే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటిచ్చినప్పుడు అందరికీ ముందుగా గుర్తొచ్చింది కూడా ఖరగ్‌పూరే. భాషకు గుర్తింపు వచ్చింది కానీ, ఇంటి గోడల దగ్గర మాత్రం ఊరి చట్టం చెల్లదు.

లిమిటేషన్ చట్టం 29వ సెక్షన్‌లో ఈ విభజన స్పష్టంగా ఉంది. ఈజ్మెంట్ల చట్టం అమల్లో ఉన్న ప్రాంతాలకు 25, 26 సెక్షన్లు వర్తించవు. అది అమల్లో లేనిచోట ఆ రెండు సెక్షన్లే ఆధారం. 25వ సెక్షన్ హక్కు ఎలా పుడుతుందో చెబుతుంది. ఆ హక్కు ఎంత, ఎప్పుడు భంగమైనట్టు, ఏ పరిహారం ఇవ్వాలి అన్నవాటికి 1882 చట్టంలో ఉన్నంత వివరం అందులో లేదు. ఆ ఖాళీలను కలకత్తా హైకోర్టు పాత ఇంగ్లిష్ తీర్పులతో, న్యాయం, ధర్మం, అంతరాత్మ అనే సూత్రంతో పూరిస్తూ వచ్చింది. 1882 చట్టం వర్తించకపోయినా అందులోని సూత్రాలను అరువు తెచ్చుకోవడం బెంగాల్ కోర్టుల్లో మామూలే. అందుకే ఫలితాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. తప్పు సెక్షన్ పేరుతో దావా వేసి వాయిదాలు పోగొట్టుకోవడం మాత్రం అనవసరమైన నష్టం.

20 ఏళ్ల లెక్క

మొదట ఒక అపోహ తీరాలి. ఇంటికి కిటికీ ఉంది కాబట్టి వెలుతురు హక్కు దానంతటదే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. తన స్థలంలో తనకు నచ్చినంత ఎత్తు కట్టుకోవడం యజమాని సహజ హక్కు. పురపాలక నిబంధనలు ఒప్పుకుంటే పక్కింటివాడు నిన్న పెట్టిన కిటికీకి ఎదురుగా ఇవాళ గోడ కట్టొచ్చు. అది తప్పు కాదని ఇంగ్లండ్‌లో 1865 నాటి టాప్లింగ్ వర్సెస్ జోన్స్ కేసులోనే హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. అదే కేసు కొత్త కిటికీ పెట్టడం కూడా తప్పు కాదంది. ఇద్దరూ తమ తమ స్థలాల్లో ఉన్నంతవరకు ఆట ఇద్దరిదీ.

ఈ పరిస్థితిని మార్చేది కాలం. ఒక భవనంలోకి వెలుతురు, గాలి ప్రశాంతంగా, ఈజ్మెంటుగా, హక్కుగా, అడ్డంకి లేకుండా 20 ఏళ్లు వస్తే ఆ హక్కు తిరుగులేనిది అవుతుందని 25వ సెక్షన్ చెబుతోంది. ఇందులో ‘హక్కుగా’ అన్న మాట ముఖ్యం. పక్కింటాయన దయతో, అనుమతి పత్రంతో, ఏటా ఎంతో కొంత ముట్టజెప్పే ఒప్పందంతో అనుభవించినది లెక్కలోకి రాదు. ఆంధ్రలో వర్తించే 15వ సెక్షన్‌లో వెలుతురు విషయంలో ‘హక్కుగా’ అన్న మాట లేకపోయినా, ఒప్పందం కింద అనుభవించినదాన్ని అక్కడా వివరణలో మినహాయించారు.

అడ్డంకి అంటే ఏమిటో కూడా చట్టమే చెబుతుంది. ఎవరో రెండు నెలలు టార్పాలిన్ కట్టి తీసేస్తే 20 ఏళ్ల లెక్క మళ్లీ మొదటికి రాదు. అడ్డు పెట్టిన సంగతి, పెట్టిన మనిషి ఎవరన్న సంగతి తెలిసి కూడా ఏడాదిపాటు ఊరుకుంటేనే అది అడ్డంకి. 1841లో ఫ్లైట్ వర్సెస్ థామస్ అనే ఇంగ్లిష్ కేసులో 19 ఏళ్లు దాటి, ఇరవయ్యో ఏడు నిండటానికి కొద్ది వారాల ముందు అడ్డు పడింది. అది ఏడాది సాగలేదు కాబట్టి హక్కు నిలబడింది. దీనికి రెండోవైపు కూడా ఉంది. 20 ఏళ్లు నిండకముందు కోర్టుకు వెళితే చేతిలో ఏమీ ఉండదు.

జనం ఎక్కువగా జారిపడేది రెండేళ్ల నిబంధన దగ్గర. ఆ 20 ఏళ్లు దావా వేసిన రోజుకు ముందు రెండేళ్లలోపు ముగిసి ఉండాలి. గోడ లేచాక ‘పెద్దమనుషుల్లో మాట్లాడుకుందాం, పండగ వెళ్లనీ, పిల్ల పెళ్లి కానీ’ అంటూ రెండేళ్లు దాటిస్తే, 50 ఏళ్లుగా ఎండ వచ్చిన కిటికీ అయినా 25వ సెక్షన్ కింద చేయగలిగింది లేదు. ఇరుగుపొరుగు మొహమాటం ఖరీదు ఇంత ఉంటుందని ఎవరూ ముందుగా అనుకోరు.

రైల్వే స్థలమైతే

ఖరగ్‌పూర్‌లో ఈ ప్రశ్న లేకుండా వెలుతురు చర్చ పూర్తికాదు. ఊరి మధ్యలో పెద్ద భాగం రైల్వే స్థలం. క్వార్టర్లు, బంగళాలు, మైదానాలు, లైసెన్సు మీద నడిచే దుకాణాలు అన్నీ అందులోనే.

క్వార్టర్లో ఉండే ఉద్యోగికి పక్క క్వార్టర్‌పై వెలుతురు హక్కు పుట్టదు. రెండింటి యజమానీ రైల్వేనే. తన స్థలం మీద తనకే ఈజ్మెంటు ఉండదన్నది ఈ చట్టంలో పునాది సూత్రం. తండ్రి, కొడుకు ఉద్యోగాల్లో కలిపి 40 ఏళ్లు అదే ఇంట్లో ఉన్నా సరే, ఫిర్యాదు వెళ్లాల్సింది ఇంజనీరింగ్ విభాగానికి, యూనియన్‌కు. సివిల్ కోర్టుకు కాదు.

సొంత ఇల్లు రైల్వే హద్దును ఆనుకుని ఉండి, రైల్వే తన స్థలంలో కట్టడం మొదలుపెడితే లెక్క మారుతుంది. భారం పడే ఆస్తి ప్రభుత్వానిదైతే 20 బదులు 30 ఏళ్లు కావాలి. 1908 నాటి పాత లిమిటేషన్ చట్టంలో ఇది 60 ఏళ్లు ఉండేది. 1990లో కట్టిన ఇల్లు ప్రైవేటు పొరుగువారిపై 2010 నాటికే హక్కు సాధిస్తే, రైల్వేపై 2020 దాకా ఆగాల్సి వచ్చింది.

రైల్వే స్థలంలో అనుమతి లేకుండా కట్టుకున్నవారి సంగతి ఇంకా బలహీనం. 1971 నాటి పబ్లిక్ ప్రిమిసెస్ చట్టం కింద ఎస్టేట్ ఆఫీసరు ఖాళీ చేయించే నోటీసు ఇస్తే, ఆ వ్యవహారంలో సివిల్ కోర్టు జోక్యానికి ఆ చట్టం 15వ సెక్షనే అడ్డు. ఇల్లే నిలుస్తుందో లేదో తెలియనప్పుడు కిటికీ గొడవ ఎవరు వింటారు?

ఎంత వెలుతురు పోతే నష్టం

హక్కు ఉందని రుజువైతే సగం పనే అయినట్టు. ఇంతకుముందు వచ్చినంత వెలుతురు ఇప్పుడు రావడం లేదని చూపిస్తే చాలదు. కలకత్తా హైకోర్టు 1869లోనే బాగ్రామ్ కేసులో, నివాసానికి సౌకర్యంగా ఉండటానికి సమంజసంగా కావాల్సినంత వెలుతురే దీర్ఘకాల అనుభవంతో దక్కుతుందని చెప్పింది. లండన్‌లో 1904లో కోల్స్ వర్సెస్ హోమ్ అండ్ కలోనియల్ స్టోర్స్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ అదే దారి పట్టింది. సాధారణ మనుషుల అంచనాలో ఆ గది హాయిగా వాడుకోవడానికి చాలినంత మిగిలిందా లేదా అన్నదే ప్రశ్న, ఎంత పోయిందన్నది కాదు. 1914లో కలకత్తా నుంచి వెళ్లిన పాల్ వర్సెస్ రాబ్సన్ అప్పీలులో ప్రివీ కౌన్సిల్ కోల్స్ సూత్రం ఇక్కడా చెల్లుతుందంది. బెంగాల్‌లో వెలుతురు దావాలకు ఇప్పటికీ ఇదే కొలబద్ద.

ఆంధ్రలో ఈ మాటను 33వ సెక్షన్ వివరణలు చెబుతాయి. శారీరక సౌఖ్యానికి గణనీయంగా అడ్డు రావాలి, లేదా ఆ ఇంట్లో అలవాటుగా చేస్తున్న వ్యాపారం మునుపటిలా సాగకుండా పోవాలి, లేదా ఆస్తి విలువ బాగా పడిపోవాలి. కుట్టుపని చేసుకునే గది, కంసాలి దుకాణం లాంటివాటికి ఈ రెండో మాట బలమిస్తుంది.

45 డిగ్రీల లెక్క అని ఒకటి ప్లీడర్ల నోట వినిపిస్తుంది. కిటికీ నుంచి 45 డిగ్రీల కోణంలో ఆకాశం కనిపిస్తే వెలుతురు చాలినట్టేనని దాని సారాంశం. అది పాత ఇంగ్లిష్ కేసుల్లో వచ్చిన అంచనా మాత్రమే, చట్టం కాదు. ఒకే గదికి ఇంకో వైపు నుంచి వెలుతురు వస్తోందా, కోల్పోయినది ప్రధానమైన కిటికీయా, స్నానాలగది వెంటిలేటరా అన్నవి కోర్టు చూస్తుంది.

గాలి విషయంలో బెంగాల్‌లో ఒక ప్రత్యేకమైన ఆశ ఉంటుంది. వేసవి సాయంత్రాల్లో సముద్రం వైపు నుంచి వచ్చే దక్షిణపు గాలికి అక్కడ ఎంత విలువో ఇంటి ప్రకటనలు చూసినా తెలుస్తుంది. దక్షిణం తెరిచి ఉన్న ఫ్లాటు అంటే ధరే వేరు. చట్టం మాత్రం ఒక నిర్దిష్టమైన రంధ్రం, కిటికీ, తలుపు గుండా వచ్చే గాలినే గుర్తిస్తుంది. స్థలం మీదుగా స్వేచ్ఛగా వీచే గాలిని కాదు. 1861 నాటి వెబ్ వర్సెస్ బర్డ్ కేసులో గాలిమర యజమాని, పక్కన కట్టిన బడి భవనం తన గాలిని ఆపేసిందని వెళ్లి ఓడిపోయాడు.

ఖాళీ నేలకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. ఖాళీ స్థలానికి వెలుతురు, గాలి హక్కు కాలంతో రాదని ఆంధ్ర వైపు 17వ సెక్షన్ సూటిగా అంటుంది. బెంగాల్ వైపు 25వ సెక్షన్ భవనాలకే హక్కు ఇస్తుంది. పెరట్లో వడియాలు, ఒరుగులు ఎండబెట్టుకునే చోట నీడ పడిందని వేసే దావా రెండుచోట్లా నిలవదు. ఎదురుగా కనిపించే చెరువో గుడి గోపురమో మూసుకుపోయినా అంతే. చూపు ఆనందానికి సంబంధించినది తప్ప అవసరం కాదని 1610 నాటి ఆల్డ్రెడ్ కేసు నుంచీ వస్తున్న మాట. తూర్పు ఆగిపోయి వాస్తు చెడిందన్న వాదన గురించి వేరే చెప్పనక్కర్లేదు.

కిటికీ పెద్దది చేస్తే, ఇల్లు పంచుకుంటే

పెంకుటింటిని డాబాగా మార్చినప్పుడు చాలామంది పాత కిటికీలను వెడల్పు చేస్తారు. హక్కు పాత కొలతకే ఉంటుంది, పెంచినదానికి మళ్లీ 20 ఏళ్లు. కానీ ఈజ్మెంట్ల చట్టం 31వ సెక్షన్ కింద ఒక తమాషా ఉదాహరణ ఉంది. ఆరడుగులు నాలుగడుగుల కొలతతో నాలుగు కిటికీలకు హక్కున్న మనిషి వాటి సంఖ్యనూ సైజునూ పెంచాడు. కొత్తవాటిని మూయాలంటే పాతవాటి వెలుతురు కూడా ఆగిపోతుంది. అలాంటప్పుడు పక్కవాడు ఏమీ చేయలేడు. అత్యాశకు చట్టం రక్షణ ఇచ్చినట్టు కనిపించినా, పాత హక్కును కాపాడటానికి వేరే దారి లేకే అలా రాశారు.

పాత ఇంటిని మొత్తం పడగొట్టేవారు చేయాల్సిన మొదటి పని కిటికీల స్థానాలు, కొలతలు ఫొటోలతో, ప్లానుతో నమోదు చేయించుకోవడం. కొత్త ఇంట్లో కిటికీలు పాతచోటే ఉన్నాయని చూపలేకపోతే 40 ఏళ్ల అనుభవం కూడా సాక్ష్యం లేని మాటగా మిగులుతుంది.

అన్నదమ్ముల పంపకాల్లో 20 ఏళ్లతో పని లేని హక్కు ఒకటి ఉంది. రిటైరైన తండ్రి కట్టిన ఇంటిని ఇద్దరు కొడుకులు పంచుకున్నారనుకుందాం. పెద్దవాడికి ఇల్లు, చిన్నవాడికి పక్కనున్న ఖాళీ స్థలం వచ్చాయి. పంపకం నాటికి ఇంటి కిటికీలు ఆ ఖాళీ స్థలం వైపే తెరుచుకుంటున్నాయి. ఇల్లు ఉన్నదున్నట్టు వాడుకోవడానికి ఆ వెలుతురు అవసరమైతే, అది పంపకంతోపాటే పెద్దవాడికి దక్కుతుందని ఈజ్మెంట్ల చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. ఇల్లు అమ్మి పక్క స్థలం ఉంచుకున్నవారికీ ఇదే వర్తిస్తుంది. బెంగాల్‌లో ఈ సెక్షన్ లేకపోయినా 1879 నాటి వీల్డన్ వర్సెస్ బరోస్ సూత్రం దాదాపు ఇదే పని చేస్తుంది. పంపకం పత్రంలో దీనికి విరుద్ధంగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. అందుకే చిన్నవాడి వాటా స్థలాన్ని కొనే ప్రొమోటర్ (బెంగాల్‌లో బిల్డరును ఇలాగే పిలుస్తారు) ముందుగా అడిగేది పంపకం కాగితమే. వదినా మరుదుల మాటల్లో తేలిపోవాల్సిన సంగతి మూడో మనిషి చేతికి వెళ్లాక తేలడం కష్టం.

ఎక్కడికి వెళ్లాలి

దారులు రెండు, వాటిని కలపకూడదు. సెట్‌బ్యాక్ వదలలేదు, మంజూరైన ప్లాను దాటి కట్టారు అన్నది పురపాలక సంఘానికి చేసే ఫిర్యాదు. 1954లో ఏర్పడిన ఖరగ్‌పూర్ మునిసిపాలిటీకి 1993 నాటి పశ్చిమ బెంగాల్ మునిసిపల్ చట్టం 218వ సెక్షన్ కింద పని ఆపించే, కూల్చమని ఆదేశించే అధికారం ఉంది. దీనికి 20 ఏళ్ల రుజువు అక్కర్లేదు. చాలా సందర్భాల్లో బాధితుడికి వేగంగా పనికొచ్చేది కూడా ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో 2017 భవన నిబంధనలు, తెలంగాణలో 2012లో వచ్చిన 168వ నంబరు జీవో ఇలాంటి పనే చేస్తాయి.

ప్లాను ప్రకారమే కట్టినా వెలుతురు హక్కు పోయిందంటే అది సివిల్ దావా. మునిసిపాలిటీ అనుమతి పొరుగువారి ఈజ్మెంటును రద్దు చేయదు. జిల్లా న్యాయస్థానం కంసావతి నది అవతల మేదినీపూర్‌లో ఉంది. పునాది దశలోనే వెళ్లి తాత్కాలిక ఇంజంక్షన్ అడిగితే కోర్టు వినే తీరు వేరు, మూడో శ్లాబు పడ్డాక వెళితే వేరు. అప్పటికి కూల్చమనడం కంటే డబ్బు పరిహారం వైపే కోర్టులు మొగ్గుతాయి. అనుభవమున్న ప్రొమోటర్లు ముందే కేవియట్ వేసి ఉంచుతారు. అలాంటప్పుడు వాళ్ల వాదన వినకుండా ఇంజంక్షన్ రాదు.

దావా రాతలో అశ్రద్ధ ఎక్కువ కేసులను ముంచుతోంది. 2004లో జస్టినియానో అంటావో కేసులో, కాలంతో వచ్చే ఈజ్మెంటు కోరేవారు ఎప్పటినుంచి అనుభవిస్తున్నారో స్పష్టంగా చెప్పి రుజువు చేయాలని సుప్రీంకోర్టు అంది. అది గోవాలో దారి గొడవ. 2008లో బిహార్ నుంచి వచ్చిన బచ్చజ్ నాహర్ కేసులో, స్థలం మాదే అని దావా వేసి ఓడినవారికి అడగని ఈజ్మెంటు హక్కును ఇవ్వడం కుదరదంది. వెలుతురు కేసులకూ ఇదే అన్వయిస్తుంది. కిటికీ ఏ సంవత్సరం పెట్టారు, కొలత ఎంత, ఏ గదిలో, ఆ గదికి వేరే వెలుతురు ఉందా అన్నవి వాదపత్రంలోనే ఉండాలి. పాత మునిసిపల్ ప్లాను, పన్ను రసీదులు, పాత పెళ్లి ఫొటోల్లో వెనక కనిపించే కిటికీ కూడా సాక్ష్యమే. స్థలాన్ని చూసి రావడానికి కోర్టు అడ్వకేట్ కమిషనర్‌ను పంపమని అడగొచ్చు.

వేరే దేశాల్లో

ఇంగ్లండ్‌లో 1832 నుంచి ఇదే 20 ఏళ్ల పద్ధతి. అక్కడ 1959లో మరో చట్టం తెచ్చి, నిజంగా గోడ కట్టకుండానే కాగితం మీద ‘ఊహా గోడ’ నమోదు చేయించి పొరుగువారి 20 ఏళ్లను ఆపే వీలు కల్పించారు. భారత్‌లో అలాంటిది లేదు, ఆపాలంటే నిజంగా అడ్డు కట్టాల్సిందే. అమెరికాలో 1959లోనే ఫ్లోరిడా కోర్టు మయామీ బీచ్‌లోని ఫౌంటెన్‌బ్లూ హోటల్ కేసులో, పక్క హోటల్ ఈతకొలను మీద 14 అంతస్తుల నీడ పడినా తప్పు లేదని తేల్చింది. జపాన్ దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో వెళ్లింది. 1972లో అక్కడి సుప్రీంకోర్టు ఎండ పొందడాన్ని రక్షణ ఉన్న ప్రయోజనంగా గుర్తించింది. 1976లో భవన చట్టంలోనే నీడ గంటలకు పరిమితి వచ్చింది.

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద డాబాలపై సౌర ఫలకాలు పెట్టుకున్నవారికి ఈ ప్రశ్న కొత్తగా ఎదురవుతోంది. నిన్న పెట్టిన ఫలకానికి 20 ఏళ్ల అనుభవం ఉండదు కాబట్టి, పక్కింటి అంతస్తు నీడపై ఈ దారిలో దావాకు అవకాశం లేదు. ఫలకం పెట్టేముందు పక్క స్థలం యజమానితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని రిజిస్టరు చేయించుకోవడం ఒక్కటే ఇప్పటికి మార్గం. ఖరగ్‌పూర్‌లో అయినా, శ్రీకాకుళంలో అయినా ఈ విషయంలో తేడా లేదు.